ఇంటి బడి: కువైట్ తెలుగు కుటుంబాల్లో చిన్నపిల్లల పాఠాలు, పుస్తకాల ఎంపిక

ఇంటి బడి అంటే పిల్లల చదువును బడికి అప్పగించకుండా తల్లిదండ్రులే తలకెత్తుకోవడం. ఏం నేర్పాలి, ఏ పుస్తకంతో నేర్పాలి, వచ్చిందో రాలేదో ఎలా తెలుసుకోవాలి అన్న మూడు ప్రశ్నలకూ జవాబు ఇంట్లోనే వెతుక్కోవాలి. అమెరికాలో ఇది ఉద్యమంగా పెరిగింది. కువైట్‌లోని తెలుగు ఇళ్ళలో చాలావరకు అవసరం కొద్దీ వచ్చిపడుతుంది. ఒక కుటుంబం విద్యా సంవత్సరం మధ్యలో దిగుతుంది. ఒక పిల్లాడికి అకామా (నివాస అనుమతి) పడదు, సివిల్ ఐడీ చేతికి రాదు. ఒక తల్లి ఎల్‌కేజీ, యూకేజీ ఫీజుల లెక్క వేసుకుని ఆ రెండేళ్ళూ ఇంట్లోనే కానిద్దామనుకుంటుంది. ఇంకో ఇంట్లో తండ్రి కాంట్రాక్టు వచ్చే ఏడాదికల్లా ముగుస్తుందని ముందే తెలుసు.

ఇలాంటి ఇళ్ళలో మొదట వినిపించే ప్రశ్న ఏ పుస్తకం మంచిదని. గల్ఫ్ కుటుంబం అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఈ బిడ్డ ఎప్పుడు, ఏ ఊళ్ళో, ఏ తరగతిలో బడిలో చేరతాడు? అది తేలితే భాష, పుస్తకాలు, దాచుకోవాల్సిన కాగితాలు సగానికి పైగా తేలినట్టే.

పేట, వీసాలు, పిల్లలు

ఇలాంటి ఇళ్ళున్న ఒక పేటను ఉదాహరణగా తీసుకుందాం. బ్నీద్ అల్ గార్ కువైట్ నగరానికి తూర్పున సముద్రం ఒడ్డునున్న పేట. 1920లో కట్టి 1957లో పడగొట్టిన పాత మట్టిగోడకు ఇది వెలుపలి వైపు. ఆ గోడకున్న దర్వాజాల్లో ఒకదాన్ని ఈ పేట పేరుతోనూ పిలిచేవారు. ఇప్పుడిక్కడ అద్దె అపార్టుమెంట్లు బారులు తీరి ఉంటాయి. 1979లో తెరిచిన కువైట్ టవర్స్ ఒకవైపు, దైయాలోని దౌత్య ప్రాంతంలో భారత రాయబార కార్యాలయం మరోవైపు. నగరంలో పనిచేసే వలస కుటుంబాలు ఈ ఫ్లాట్లలో కాపురముంటాయి. వాటిలో తెలుగు ఇళ్ళూ ఉన్నాయి.

తెలుగువాళ్ళు కువైట్‌కు ఎక్కువగా రెండు వైపుల నుంచి వచ్చారు: కడప, రాజంపేట, రాయచోటి వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి. కువైటీల ఇళ్ళలో వంటకో డ్రైవింగుకో వచ్చినవారిది ఖాదిం వీసా. దాని మీద భార్యాబిడ్డల్ని తెచ్చుకునే వీలు లేదు. కంపెనీల్లో పనిచేసేవారి షూన్ వీసా మీద వీలుంది, అదీ జీతం హద్దు దాటితేనే. ఆ హద్దు 2016లో 450 దినార్లు, 2019లో 500, 2024లో 800 అయింది. దాంతో తెలుగు ఇంటి బడి రెండు తీరులుగా నడుస్తోంది. ఒకటి, కువైట్ ఫ్లాట్‌లో తల్లి పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పేది. రెండోది, రాయచోటిలో అవ్వాతాతల దగ్గరో, అమలాపురంలో అమ్మమ్మ దగ్గరో ఉన్న పిల్లలకు కువైట్ నుంచి తల్లి ఫోన్‌లో పుస్తకం తెరిపించి చదివించుకునేది. ఈ రెండో బడికి పేరు లేదు, లెక్కా లేదు. పుస్తకాల ఎంపిక అవసరం మాత్రం దానికీ ఉంది.

2020 మార్చిలో కరోనా వల్ల కువైట్ బడులన్నీ మూతపడ్డాయి. మళ్ళీ పిల్లలు తరగతి గదుల్లో అడుగుపెట్టింది 2021 శరదృతువులో. ఆ ఏడాదిన్నర పాటు ప్రతి ఫ్లాటూ ఒక తరగతి గది అయింది. తెర మీద పాఠం చెప్పేది బడి ఉపాధ్యాయురాలే అయినా, ఐదేళ్ళ పిల్లాడి పక్కన కూర్చుని పెన్సిలు పట్టించింది తల్లి. ఇంట్లో చదువు చెప్పడం తమ వల్ల అవుతుందో కాదో చాలామంది తల్లిదండ్రులకు అప్పుడే తెలిసివచ్చింది.

తెలుగు నేల మీద పాత లెక్క

ఇంట్లో చదువు చెప్పుకోవడం తెలుగువాళ్ళకు అమెరికా నుంచి దిగుమతి అయింది కాదు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో మద్రాసు ప్రెసిడెన్సీ పరిధిలోని బడుల లెక్క తీయించాడు. మద్రాసు కలెక్టరు పంపిన వివరాల్లో ఇళ్ళలోనే చదువుకునే పిల్లలు 26 వేలకు పైగా తేలారు. బడులకు వెళ్ళేవారికి వాళ్ళు దాదాపు ఐదు రెట్లు. అంత ఉంటుందా అని మన్రోకే అనుమానం వచ్చింది.

బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక ఇంకా ఆసక్తికరం. ఆయన జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. తెలుగు, కన్నడ పిల్లలు ఐదో ఏట బడిలో చేరేవారు. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడంతో చదువు మొదలయ్యేది. తక్కువ ఖర్చుతో నడిచే ఆ పద్ధతినీ, పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకు చెప్పే ఏర్పాటునూ క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు. తప్పు పట్టింది పుస్తకాలను. అవి వాడుక భాషకు దూరంగా పద్యాల్లో ఉన్నాయి, పిల్లలు అర్థం తెలియకుండానే వల్లె వేస్తున్నారన్నాడు. చిన్నపిల్లల పుస్తకం ఎంచుకునేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఆ నివేదికలోనే ఉంది: ఇందులోని భాష ఈ బిడ్డ ఇంట్లో వినేదేనా?

ఆ తర్వాత పదేళ్ళలోపే, 1832లో, క్లూలో అనే దొర పురమాయించగా పుదూరు సీతారామశాస్త్రి బాలశిక్ష రాశారు. పెద్ద బాలశిక్షగా పెరిగిన ఆ పుస్తకం అక్షరాలు, గుణింతాలు, ఎక్కాలు, కొలతలు, నీతికథలు అన్నీ ఒకే అట్టలో పెట్టి ఇచ్చింది. నేటి మాటల్లో చెప్పాలంటే అది తెలుగువాళ్ళ మొదటి 'ఆల్ ఇన్ వన్' పాఠ్యక్రమం. దాని కొత్త కూర్పులు ఇప్పటికీ గల్ఫ్ విమానం ఎక్కే సూట్‌కేసుల్లో కనిపిస్తాయి. ఐదేళ్ళ బిడ్డ చేతికి నేరుగా ఇచ్చేది కాదది. తల్లి తన దగ్గర పెట్టుకుని, కావలసినప్పుడు ఒక పేజీ తీసి చెప్పుకోవడానికి బాగుంటుంది.

చట్టం ఏమంటుంది

కువైట్‌లో నిర్బంధ విద్యా చట్టం 1965 నాటిది. ప్రాథమిక, మాధ్యమిక దశల చదువు కువైటీ పిల్లలకు తప్పనిసరి అన్నది దాని సారం. వలస వచ్చినవారి పిల్లలు ఎక్కువగా ప్రైవేటు బడుల్లో చదువుతారు. భారతీయ బడుల్లో పాతది 1959లో మొదలైన ఇండియన్ కమ్యూనిటీ స్కూల్. ఆ తర్వాత సాల్మియా, అబ్బాసియా, ఫహాహీల్ వైపు మరెన్నో వచ్చాయి. ఒక గీత మాత్రం గుర్తుంచుకోవాలి. సొంత బిడ్డకు సొంత ఇంట్లో చెప్పుకోవడం వేరు. ఇరుగుపొరుగు పిల్లల్ని పోగుచేసి, ఫీజు తీసుకుని ఫ్లాట్‌లో నర్సరీ నడపడం వేరు. రెండోదానికి ప్రభుత్వ లైసెన్సు కావాలి.

భారతదేశంలో 2009 విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు బడి చదువు హక్కు. ఇంటి చదువు ఈ చట్టం కింద నేరమా అన్న ప్రశ్న ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్ళింది. ఇష్టపడి ఇంట్లో చదువు చెప్పించుకునే తల్లిదండ్రులకు చట్టం అడ్డు రాదని 2012లో కేంద్రం చెప్పింది. అదే ఏడాది దేశంలోని ఇంటి బడి కుటుంబాలు 'స్వశిక్షణ్' పేరుతో ఒక సంఘంగా ఏర్పడ్డాయి.

గల్ఫ్ కుటుంబానికి ఇంతకంటే పనికొచ్చేది ఆ చట్టంలోని 4వ సెక్షన్. ఆరేళ్ళు దాటినా బడిలో చేరని పిల్లల్ని వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలనీ, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలనీ అది చెబుతుంది. అంటే కువైట్‌లో రెండేళ్ళు ఇంట్లో చదివి ఎనిమిదో ఏట రాజంపేట వెళ్ళిన పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెట్టనక్కరలేదు.

ఏ వయసుకు ఎంత పాఠం

2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయసును ఒకే దశగా, పునాది దశగా చూసింది. ఒకటో తరగతి ఆరేళ్ళు నిండాకే. 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ పాఠ్యక్రమ చట్రం ఈ ఐదేళ్ళ చదువు ఆటలతో, మాటలతో, కథలతో, చేతి పనులతో సాగాలంది. 2023 ఫిబ్రవరిలో కేంద్రం విడుదల చేసిన 'జాదూయీ పిటారా' అనే పెట్టెలో ఉన్నవి బొమ్మలు, పజిళ్ళు, బొమ్మల కార్డులు, కథల పుస్తకాలే. కువైట్‌లో ఎల్‌కేజీ సీటు దొరక్క కంగారుపడే తల్లిదండ్రులకు ఇది ఊరట కలిగించే సంగతి. నాలుగేళ్ళ బిడ్డ నష్టపోతున్న పాఠమంటూ ఏదీ లేదు. అయితే రోజూ మాట్లాడేవాళ్ళు, కథ చెప్పేవాళ్ళు, కత్తెర పట్టుకోనిచ్చేవాళ్ళు ఉండాలి.

అమెరికాలో ఇదే వాదన ముందే నడిచింది. రేమండ్, డొరొతీ మూర్ దంపతులు 1975లో రాసిన 'బెటర్ లేట్ దాన్ ఎర్లీ' పుస్తకం చిన్నపిల్లల్ని తొందరపడి బడిలో వేయొద్దంది. జాన్ హోల్ట్ 1977లో 'గ్రోయింగ్ వితౌట్ స్కూలింగ్' అనే పత్రిక పెట్టాడు. 1993 నాటికి అమెరికాలోని 50 రాష్ట్రాల్లోనూ ఇంటి బడికి చట్టం ఒప్పుకుంది. దానితోపాటే పాఠ్యక్రమాల బజారూ పెరిగింది. బాల్టిమోర్‌లోని కాల్వర్ట్ స్కూల్ 1906లోనే పాఠాలను పెట్టెలో సర్ది పోస్టులో పంపేది. ఈనాటి పెద్ద కంపెనీల పద్ధతికి మూలం అదే. ఆ పెట్టెల్లోని చరిత్ర అమెరికాది, నాణేలు డాలర్లవి, కొలతలు అంగుళాల్లో. గల్ఫ్‌కు తెప్పించుకునే ఖర్చు సరేసరి. ఇండియాకు తిరిగి వెళ్ళే బిడ్డకు వాటిలో అక్కరకొచ్చేది సగమే.

ఎంచుకోదగ్గ దారులు

తిరిగి సీబీఎస్‌ఈ బడిలో చేరతారని తెలిసినవారికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు నేరైన దారి. 2023లో ఒకటి, రెండు తరగతులకు ఇంగ్లిష్‌లో 'మృదంగ్', హిందీలో 'సారంగి', లెక్కల్లో 'జాయ్‌ఫుల్ మాథమెటిక్స్' వచ్చాయి. 2024లో మూడో తరగతికి 'సంతూర్', 'వీణ', 'మాథ్స్ మేళా' వచ్చాయి. అన్నీ ఎన్‌సీఈఆర్‌టీ సైటులో ఉచితంగా దొరుకుతాయి. పుస్తకమంతా ముద్రించుకోనక్కరలేదు, అభ్యాసాలున్న పేజీలు ముద్రించుకుని మిగతావి ఫోన్‌లోనో టాబ్‌లోనో చూసుకుంటే చాలు. ఈ పుస్తకాల చిక్కు ఒక్కటే: వాటిలోని మామిడితోట, ఎడ్లబండి లాంటివి బ్నీద్ అల్ గార్ పిల్లాడు చూసినవి కావు. పాఠానికి ముందు వాటి గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి.

తిరిగి ఊరి బడిలో, రాష్ట్ర సిలబస్‌లో చేరే పిల్లలకు ఆంధ్రప్రదేశ్ ఎస్‌సీఈఆర్‌టీ పుస్తకాలు బాగా కలిసొస్తాయి. 2020-21లో ఇంగ్లిష్ మీడియం మార్పుతోపాటు ఆంధ్రప్రదేశ్ రెండు భాషల పాఠ్యపుస్తకాలు తెచ్చింది. పుస్తకం తెరిస్తే ఒక పేజీలో ఇంగ్లిష్ పాఠం, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. తెలుగు మీడియంలో పదో తరగతి చదివి పెళ్ళయి కువైట్ వచ్చిన తల్లికి ఇంతకంటే చక్కని సాయం లేదు. తెలుగు పేజీ తాను చదువుకుని అర్థం చేసుకుంటుంది, ఇంగ్లిష్ పేజీ బిడ్డతో చదివిస్తుంది. అవ్వ దగ్గర ఉన్న పిల్లకు కువైట్ నుంచి ఫోన్‌లో చదువు చెప్పే తల్లికీ ఇదే పుస్తకం. ఇద్దరి దగ్గరా అదే పేజీ నంబరు ఉంటుంది.

ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఇంటి సమస్య వేరు. ఏడేళ్ళదానికి తీసివేతలు చెబుతుంటే నాలుగేళ్ళవాడు పుస్తకం లాగుతాడు. దీనికి మంచి నమూనా మదనపల్లె దగ్గరే ఉంది. జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషి వ్యాలీ స్కూలు 1980లలో చుట్టుపక్కల పల్లెల్లో ఒకే ఉపాధ్యాయుడుండే చిన్న బడులు నడపడం మొదలుపెట్టింది. అక్కడి వై.ఎ. పద్మనాభరావు, ఎ. రమ బృందం పాఠ్యపుస్తకాన్ని విడదీసి చిన్న చిన్న కార్డులుగా మార్చింది. గోడ మీద నిచ్చెన బొమ్మ ఉంటుంది. ప్రతి మెట్టుకూ ఒక గుర్తు, ఆ గుర్తున్న కార్డు పెట్టెలో ఉంటుంది. పిల్ల తన మెట్టు తానే చూసుకుని, తన కార్డు తానే తెచ్చుకుంటుంది. ఒకే గదిలో వేర్వేరు వయసుల పిల్లలు ఎవరి వేగంతో వారు సాగుతారు. ఈ పద్ధతి కర్ణాటకలో 'నలి కలి'గా, తమిళనాడులో కార్యాచరణ ఆధారిత విద్యగా విస్తరించింది. కువైట్ వచ్చే రాయలసీమ కుటుంబాల సొంత గడ్డ మీద పుట్టిన పద్ధతి ఇది. చెప్పుల డబ్బాలో అట్టముక్కలతో ఇంట్లోనే తయారవుతుంది.

మాంటిస్సోరి పద్ధతిని ఇష్టపడేవారూ తక్కువేం కాదు. మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి, యుద్ధకాలమంతా భారతదేశంలోనే ఉండి ఎందరో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. అసలు సామగ్రి ఖరీదు ఎక్కువ. కానీ అందులోని సూత్రాలు ఇంట్లో పాటించవచ్చు. గరుకు కాగితం మీద కత్తిరించిన అక్షరాన్ని బిడ్డ వేలితో తడమడం, ఒక గ్లాసులోంచి మరో గ్లాసులోకి నీళ్ళు పోయడం, కందిపప్పు, శనగపప్పు కలిపి పోసి వేరు చేయించడం లాంటివి. పళ్ళెంలో ఇసుక పోసి వేలితో రాయించడం క్యాంప్‌బెల్ నివేదికలోని బళ్ళారి బడి పద్ధతే. కువైట్‌లో ఇసుకకు కొదవ లేదు.

లెక్కలకు సింగపూర్ పద్ధతి ప్రపంచమంతా పేరు పొందింది. 1982లో సింగపూర్ పాఠ్యప్రణాళిక సంస్థ తెచ్చిన 'ప్రైమరీ మాథమెటిక్స్' పుస్తకాలతో అది మొదలైంది. ముందు వస్తువు చేత్తో పట్టుకోవాలి, తర్వాత దాని బొమ్మ, ఆ తర్వాతే అంకె అన్నది దాని వరస. కొత్త ఎన్‌సీఈఆర్‌టీ లెక్కల పుస్తకాలూ అదే బాటలో ఉన్నాయి కాబట్టి రెండూ కొనాల్సిన పని లేదు.

ఇండియాకు కాక కెనడాకో బ్రిటన్‌కో వెళ్ళే ఆలోచన ఉన్నవారు కేంబ్రిడ్జ్ ప్రైమరీ వైపు చూస్తారు. అది ఐదు నుంచి పదకొండేళ్ళ పిల్లలది.

దినారు లెక్కలు

ఇక్కడి లెక్కల పాఠానికి ఏ పుస్తకంలోనూ లేని సామగ్రి తండ్రి పర్సులో ఉంటుంది. కువైటీ దినారుకు 1000 ఫిల్సులు. నాణేలు 5, 10, 20, 50, 100 ఫిల్సులవి. నోట్లలో పావు దినారు, అర దినారు ఉంటాయి. తెలుగు పిల్లకు పావు, అర, ముప్పావు అనే మాటలు ఇంట్లో వినబడుతూనే ఉంటాయి. ఇక్కడ ఆ మాటలే నోట్లుగా చేతికి వస్తాయి. 2014 నాటి అర దినారు నోటు మీద కువైట్ టవర్స్ బొమ్మ ఉంది. బ్నీద్ అల్ గార్ పిల్ల అదే టవర్ల పక్కగా రోజూ వెళ్ళొస్తుంది.

బఖాలాలో (వీధి చివరి కిరాణా కొట్లో) అర దినారు నోటిచ్చి 50 ఫిల్సుల సరుకు కొన్నామనుకుందాం. తిరిగి రావాల్సింది 450. ఒక పావు దినారు నోటు, రెండు వంద ఫిల్సుల బిళ్ళలు. లేదంటే నాలుగు వంద బిళ్ళలు, ఒక యాభై బిళ్ళ. ఇంకెన్ని విధాలుగా ఇవ్వొచ్చో చెప్పమంటే ఏడేళ్ళ పిల్ల అరగంట కూర్చుంటుంది. దశాంశ స్థానాలు ఇక్కడ మూడు, రూపాయల్లో రెండు. ఆ తేడా ఐదో తరగతి పాఠానికి ముందుగానే కంటికి అలవాటవుతుంది. దీనికి రెండో వైపూ ఉంది. భారతీయ పుస్తకాల్లోని లెక్కలన్నీ రూపాయల్లోనే. పది రూపాయల నోటు ఎన్నడూ పట్టుకోని పిల్లకు ఆ లెక్క ఊహే. ఊరినుంచి వచ్చేటప్పుడు చిల్లర నోట్లు కొన్ని తెచ్చి ఇంట్లో అంగడి ఆట ఆడించాలి.

నోటుకు ఒకవైపు, కారు నంబరు ప్లేటు మీద అరబ్బీ అంకెలు కనిపిస్తాయి. వాటిలో ఐదు గుండ్రంగా సున్నాలా ఉంటుంది, సున్నా ఒక చుక్క. ఇంగ్లిష్ అంకెలు అప్పుడే నేర్చుకుంటున్న ఐదేళ్ళవాడిని ఇది తికమకపెడుతుంది. రెండు రకాల అంకెలూ ఒక అట్ట మీద పక్కపక్కన రాసి గోడకు అంటిస్తే తికమక కొన్నాళ్ళలో ఆటగా మారుతుంది.

తెలుగు సంగతి

ఎక్కువ ఇళ్ళలో వెనకబడేది తెలుగే. కువైట్‌లోని భారతీయ బడులన్నింటిలో తెలుగు రెండో భాషగా దొరకదు. బిడ్డ మాట్లాడుతుంది, చదవలేదు. ఊరెళ్ళి రాష్ట్ర సిలబస్ బడిలో చేరగానే మొదటి దెబ్బ ఇక్కడే తగులుతుంది. ఇంటి బడికి ఉన్న అసలు బలమూ ఇక్కడే, ఎందుకంటే ఈ సబ్జెక్టుకు ఉపాధ్యాయులు ఇంట్లోనే ఉన్నారు.

అక్షరమాలను అ నుంచి వరసగా దిద్దించడం పాత అలవాటు. ఐదేళ్ళ బిడ్డకు ఋ, ఌ లతో అవసరం తక్కువ. ముందు తలకట్టు అక్షరాలతో రాసే చిన్న మాటలు, అంటే తల, వల, పలక, గడప, పడవ లాంటివి చదివిస్తే మొదటి వారాల్లోనే చదివిన తృప్తి దక్కుతుంది. వ–ప, మ–య, ద–థ–ధ లాంటి పోలికున్న అక్షరాలను ఒకే రోజు నేర్పకూడదు. గుణింతాలు ఒక్కొక్కటిగా, వచ్చిన మాటల్లోనే చూపాలి. ఒత్తులు ఆఖరున, అప్పటికి అమ్మ, అక్క, అన్న అనే మాటలు ఇంట్లో సిద్ధంగానే ఉంటాయి.

చదివించడానికి పుస్తకాలు కరువేం కాదు. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు స్థాయిల వారీగా ఉచితంగా ఉన్నాయి. ముద్రించుకోవచ్చు కూడా. సికింద్రాబాదు నుంచి వచ్చే మంచి పుస్తకం ప్రచురణలు, చెన్నై తూలిక సంస్థ తెలుగు-ఇంగ్లిష్ పుస్తకాలు, నేషనల్ బుక్ ట్రస్ట్ వారి నెహ్రూ బాల పుస్తకాలయం సన్నగా, తేలిగ్గా ఉంటాయి. సూట్‌కేసులో కిలో బరువుకు చాలానే పడతాయి. 1947 జూలైలో మొదలై ఇప్పుడు ఆగిపోయిన చందమామ పాత సంచికలు ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకు చదివి వినిపించడానికి బాగుంటాయి.

క్రమంగా నేర్పే పాఠ్యక్రమం కావాలంటే సిలికానాంధ్ర మనబడి ఉంది. 2007లో కాలిఫోర్నియాలో మొదలైంది. బాలబడి నుంచి ప్రభాసం దాకా అంచెలంచెలుగా సాగుతుంది. ఇలాంటి ఆన్‌లైన్ తరగతుల్లో చేరేముందు రోజు చూసుకోవాలి. కువైట్‌లో వారాంతం శుక్ర, శనివారాలు, ఆదివారం పనిదినం. ఉగాది, సంక్రాంతి వేడుకలకు కుటుంబాల్ని కూడగట్టే తెలుగు కళా సమితి లాంటి సంఘాల ద్వారా ఒకరి పుస్తకాలు ఒకరు మార్చుకుంటే ప్రతి ఇల్లూ అన్నీ కొనక్కరలేదు.

నగరమే పాఠం

2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదయ్యాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా ఆరుబయట పనులకు మధ్యాహ్నం నిషేధం. ఆ నెలలు ఏసీ గదిలో కథలకు, కార్డులకు, లెక్కలకు సరిపోతాయి. నవంబరు నుంచి మార్చి దాకా పాఠం బయటికి నడవాలి. 2015లో తెరిచిన అల్ షహీద్ పార్కు బ్నీద్ అల్ గార్‌కు దగ్గరే. అందులో కువైట్ పక్షులు, ఎడారి జీవాల మీద మ్యూజియం ఉంది. 2018లో తెరిచిన షేక్ అబ్దుల్లా అల్ సాలెం సాంస్కృతిక కేంద్రంలో ప్రకృతి చరిత్ర, అంతరిక్షం మ్యూజియాలు ఒకే ఆవరణలో ఉన్నాయి. సాల్మియాలో 2000లో మొదలైన సైంటిఫిక్ సెంటర్‌లో పెద్ద అక్వేరియం ఉంది. సులైబిఖాత్ బురద తీరాన నీళ్ళు వెనక్కి పోయినప్పుడు చిన్న చేపలు బురద మీద గెంతుతూ కనిపిస్తాయి. అదే జాతి బంధువులు కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవుల్లోనూ ఉన్నాయి. ఊరెళ్ళినప్పుడు రెండోచోట చూపిస్తే పరిసరాల విజ్ఞానంలో ఒక అధ్యాయం పూర్తవుతుంది.

తెర మీది పాఠాలకు హద్దు ఉండాలి. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు కూర్చుని చూసే తెర రోజుకు గంట దాటకూడదని, ఇంకా తక్కువైతే మంచిదని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. 2018లో వచ్చిన ఖాన్ అకాడమీ కిడ్స్ లాంటి ఉచిత యాప్‌లు ఎనిమిదేళ్ళలోపు వారికి బాగానే ఉంటాయి. ఇంగ్లిష్ ఉచ్చారణకు అవి అమ్మకు సాయం. పాఠ్యక్రమం మొత్తం వాటి మీద వదిలేస్తే పిల్లాడు వేలితో జరపడం నేర్చుకుంటాడు, పెన్సిలు పట్టడం మరిచిపోతాడు.

లోటుపాట్లు

ఇంటి బడిలో మొదటి లోటు తోటి పిల్లలు. ఫ్లాట్‌లో పెరిగే బిడ్డకు వరసలో నిలబడటం, తన వంతు కోసం ఆగడం, ఓడిపోవడం అలవాటు కావు. రెండో లోటు తల్లి అలసట. వంట, చంటిబిడ్డ, కొన్ని ఇళ్ళలో రాత్రి షిఫ్టు ఉద్యోగం. వీటి మధ్య రోజుకు రెండు గంటలు మించి పాఠం సాగదు. ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు అంతకన్నా ఎక్కువ అక్కరలేదు కూడా. మూడోది, సొంత బిడ్డ చదువులోని ఇబ్బంది ఇంట్లో ఆలస్యంగా బయటపడటం. ఏడేళ్ళు దాటినా అక్షరాలు తిరగేసి రాస్తుంటే, మాట స్పష్టంగా రాకపోతే పుస్తకం మార్చడం కాదు, నిపుణులకు చూపించాలి. కొన్ని పుస్తకాలకు డబ్బు పెట్టామన్న మొహమాటంతో ఏడాదంతా లాక్కురావడం మరో పొరపాటు. బిడ్డ రోజూ ఏడ్చే పుస్తకాన్ని నెలరోజుల్లో పక్కన పెట్టాలి.

తిరిగి బడికి

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చాక అమ్మాన్ మీదుగా సుమారు 1,70,000 మంది భారతీయుల్ని విమానాల్లో తరలించారు. చాలామంది కట్టుబట్టలతో ఇల్లు చేరారు. గల్ఫ్ కుటుంబం కాగితాల విషయంలో నిర్లక్ష్యం చేయకూడదని ఆ తరానికి బాగా తెలుసు. కువైట్‌లో పుట్టిన బిడ్డ జననాన్ని ఏడాదిలోపు భారత రాయబార కార్యాలయంలో నమోదు చేయించాలి. పౌరసత్వానికీ, తర్వాత బడి ప్రవేశానికీ అదే ఆధారం. దానితోపాటు టీకాల కార్డు, ఇంట్లో చదివిన పుస్తకాల జాబితా, నెలకు రెండు మూడు రాత నమూనాలు, లెక్కల పేజీలు తేదీ వేసి ఒక ఫైల్‌లో ఉంచి, ఫొటోలు తీసి దాచుకుంటే ప్రధానోపాధ్యాయుడితో మాట తేలికవుతుంది.

బడి లేకుండానే సర్టిఫికెట్ కావాలంటే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ఎన్‌ఐఓఎస్ ఉంది. 1989లో మొదలైన ఈ సంస్థ ప్రాథమిక విద్యలో మూడు స్థాయిలు నడుపుతుంది; అవి 3, 5, 8 తరగతులకు సమానం. పదో తరగతి స్థాయిలో చేరడానికి పద్నాలుగేళ్ళు నిండాలి. అక్కడ తెలుగు మాధ్యమమూ ఉంది. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం 1991 నుంచి ఇదే పని రాష్ట్రంలో చేస్తోంది. కేంబ్రిడ్జ్ దారిలో వెళ్ళినవారికి బ్రిటిష్ కౌన్సిల్ ద్వారా ప్రైవేటు అభ్యర్థులుగా ఐజీసీఎస్‌ఈ రాసే వీలుంది.

సీబీఎస్‌ఈ లెక్క వేరు. పదో తరగతి పరీక్షకు రెగ్యులర్ విద్యార్థిగా కూర్చోవాలంటే తొమ్మిదో తరగతిలోనే అనుబంధ బడిలో పేరు నమోదు కావాలి. అందుకే చిన్న తరగతులు ఇంట్లో కానిచ్చిన కుటుంబాల్లో ఎక్కువమంది ఒకటో, మూడో తరగతి దగ్గర, ఆలస్యమైతే ఆరో తరగతి దగ్గర బిడ్డను బడిలో చేరుస్తారు. కువైట్‌లోని భారతీయ బడులకైనా ఊళ్ళోని బడులకైనా కొత్త ఏడాది వేసవిలోనే మొదలవుతుంది: సీబీఎస్‌ఈకి ఏప్రిల్, రాష్ట్ర సిలబస్‌కు జూన్. ఆ నెలలకు మూడు నాలుగు నెలల ముందు, చేరబోయే తరగతి పుస్తకాలు తెప్పించి ఇంట్లో ఒకసారి చదివించి, మిగిలిన ఖాళీలు పూడ్చుకుంటే చేరిన మొదటి వారం బిడ్డకు పాఠాలు కొత్తగా అనిపించవు. కొత్తగా ఉండేది గంట కొట్టగానే లేచే అలవాటు, టిఫిన్ డబ్బా పంచుకునే పక్క బెంచీ పిల్లలు.